పాత స్వెటర్ల ఊలును విప్పి మళ్ళీ అల్లాలంటే: దేన్ని విప్పాలి, దేన్ని వదిలేయాలి?

దారపుకొస అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఎవరూ తొడగని స్వెటర్లు కొన్ని పోగుపడ్డాయి. వాటిలో రెండు చేత్తో అల్లినవి, మిగిలినవి కర్మాగారంలో తయారైనవి. కొన్నింటికి మోచేతుల దగ్గర చిల్లులు పడ్డాయి, కొన్ని పిల్లలకు పొట్టివైపోయాయి, ఒకటి మాత్రం ఉతికినప్పుడు కుంచించుకుపోయి దళసరిగా, బిరుసుగా మారింది. కొత్త ఊలు కొనకుండా వీటి దారాన్నే విప్పి మళ్ళీ అల్లాలని నా ఆలోచన. ప్లెయిన్ కుట్టు, దానికి తిరగేసిన పర్ల్ కుట్టు, ఆ రెండూ మార్చి మార్చి అల్లే రిబ్ వరకు అల్లిక నాకు బాగానే వచ్చు. కాని పూర్తయిన అల్లికను విప్పి వాడుకోదగిన దారంగా మార్చే పని ఇప్పటివరకు చేయలేదు.

ఒక స్వెటర్ చేతిని విడదీసి దారం లాగి చూశాను. అది ఏకంగా రాకుండా జానెడు, మూరెడు ముక్కలుగా ఊడివస్తోంది. అన్నీ ఇలాగే ఉంటాయా, లేక విప్పదగినవాటిని ముందే గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉందా? విప్పిన దారం వంకీలు వంకీలుగా ఉంటుంది కదా, దాన్ని అలాగే అల్లవచ్చా, తడిపి సాపు చేయడం తప్పనిసరా? లేబుల్ లేని దారం ఎంత పొడవుందో, దానితో ఏం అల్లవచ్చో ఎలా అంచనా వేస్తారు? చివరిగా ఒక సూటి ప్రశ్న: ఇంత శ్రమపడి విప్పడం వల్ల పర్యావరణానికి నిజంగా మేలు జరుగుతుందా, లేక అది మన తృప్తి కోసం చెప్పుకునే మాటేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జంటసూదులు రాసిన సమాధానం:

దారపుకొస గారూ, విప్పదగినదా కాదా అన్నది దారం కంటే ముందుగా కుట్టును బట్టి తేలుతుంది. స్వెటర్‌ను లోపలివైపుకు తిప్పి, పక్కల వెంబడి, చంకల దగ్గర, చేతులు భుజాన్ని కలిసే చోట కుట్టును శ్రద్ధగా చూడండి. అంచు మీద మూడు నాలుగు సన్నని దారాలు దట్టంగా అల్లుకుని కనిపిస్తే అది ఓవర్‌లాక్ కుట్టు. అటువంటి స్వెటర్‌ను మొదట పెద్ద తానుగా అల్లి, తరువాత కొలతకు కత్తిరించి కుడతారు. కత్తెర పడిన చోట ప్రతి వరసా రెండు కొసలలోనూ తెగిపోయి ఉంటుంది కనుక, వరసకు ఒక ముక్క చొప్పున మాత్రమే దారం ఊడివస్తుంది. మీ చేతికి వచ్చిన ముక్కలకు కారణం ఇదే. ఒక వరసలో పట్టే దారం ఆ వరస వెడల్పుకు సుమారు మూడు రెట్లు ఉంటుంది. కాబట్టి 50 సెంటీమీటర్ల వెడల్పున్న వీపు భాగం కూడా మీకు ఒకటిన్నర మీటరు ముక్కలనే ఇస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా అతికి స్వెటర్ అల్లాలనుకోవడం వృథా ప్రయాస. దాన్ని బట్టగానే వాడుకోవడం మేలు.

విప్పదగిన స్వెటర్‌లో ముందు భాగం, వెనుక భాగం, రెండు చేతులు విడివిడిగా, కావలసిన ఆకారంలోనే అల్లబడి ఉంటాయి. వాటి అంచులు తెగకుండా నిండుగా ఉంటాయి, రెండు అంచులను ఒకే దారంతో గొలుసు కుట్టు వేసి కలుపుతారు. చంక దగ్గర, భుజం వాలు దగ్గర కుట్లు జతపడిన గుర్తులు ఏటవాలుగా వరసకట్టి కనిపిస్తే అది ఆకారానికి అల్లిన భాగమని ధైర్యంగా నమ్మవచ్చు. గొలుసు కుట్టుకు ఒక సుగుణం ఉంది: సరైన కొస దొరకబుచ్చుకుని లాగితే ఆ కుట్టు మొత్తం ఒక్క ఊపున ఊడివస్తుంది. రెండో కొస పట్టుకుని లాగితే బిగుసుకుంటుంది. బిగుసుకుంటే బలవంతపెట్టకుండా రెండో వైపు ప్రయత్నించండి. కుట్టు దారం తరచుగా స్వెటర్ దారం రంగులోనే ఉంటుంది కనుక, వెలుతురు బాగా ఉన్నచోట కూర్చుని, సన్నమొన కత్తెరతో కుట్టు దారాన్ని మాత్రమే తెంపాలి. ఇక్కడ తొందరపడితే ఏకంగా రావలసిన దారం చోటుచోటా తెగుతుంది.

ఆకారానికి అల్లిన స్వెటర్లలో కూడా మెడ భాగాన్ని మాత్రం కత్తిరించి పట్టీ కలపడం కద్దు. అందువల్ల మెడ దగ్గర కొన్ని వరసలు ముక్కలుగా వచ్చినా నిరాశపడకండి. మెడ లోతు దాటిన తరువాత దారం ఏకధాటిగా వస్తుంది.

విప్పడం ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్నది తరువాతి విషయం. అల్లిక ఎక్కడ ముగిసిందో అక్కడినుంచే విప్పాలి. విడి భాగాలుగా అల్లిన స్వెటర్లు సాధారణంగా కింది అంచున మొదలై భుజాల దగ్గర ముగుస్తాయి కనుక, పైనుంచి కిందికి విప్పాలి. మెడ నుంచి కిందికి గుండ్రంగా అల్లిన చేతిపని స్వెటర్ అయితే దీనికి తలకిందులు. మొదలుపెట్టిన వైపు నుంచి లాగితే, ముఖ్యంగా రిబ్ ఉన్నచోట, ప్రతి కుట్టూ పీటముడిలా ఇరుక్కుంటుంది.

ఇక పోగు సంగతి. లేబుల్ ఉంటే సరే. లేకపోతే రెండు అంగుళాల దారం ముక్కను పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ళ గిన్నె ఉంచుకుని కాల్చి చూడండి. ఊలు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లని బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. నూలు అయితే కాగితంలా కాలి మెత్తని బూడిద మిగులుతుంది. యాక్రిలిక్ అనే కృత్రిమ పోగు అయితే కరిగి, నల్లని పొగ వదిలి, చల్లారాక గట్టి పూసలా మారుతుంది. రెండు మూడు రకాల పోగులు కలిసిన దారంలో ఈ గుర్తులన్నీ కలగలుపుగా కనిపిస్తాయి. అప్పుడు తీర్పు చెప్పకుండా మిశ్రమ దారం అని చీటీ రాసి పెట్టుకుంటే చాలు.

మీరు చెప్పిన ఆ కుంచించుకుపోయిన స్వెటర్‌ను విప్పే ప్రయత్నం చేయవద్దు. ఊలు పోగు మీద సన్నని పొలుసులు ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిసినప్పుడు ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని అల్లిక మొత్తం ఒకే మందపాటి బట్టగా మారిపోతుంది. దాన్నిక ఏ ఉపాయమూ వెనక్కి తీసుకురాలేదు. అయితే ఆ బట్టను కత్తిరించినా అంచులు ఊడిరావు కనుక, చెప్పుల లోపలి అట్టలకు, సంచులకు, ఇతర స్వెటర్ల మోచేతి అతుకులకు అది చక్కగా పనికివస్తుంది.

మొహైర్ వంటి నూగు ఎక్కువగా ఉన్న దారాలు కూడా విప్పేవారి ఓపికను పరీక్షిస్తాయి. నూగు పోగులు పక్క వరసలను పట్టుకుని వదలవు. అక్కడ గట్టిగా లాగడం కంటే, అడ్డుపడిన నూగును కత్తెర మొనతో తప్పించడమే మంచిది. రబ్బరులా సాగే ఎలాస్టేన్ కలిసిన దారాన్ని, ఉబ్బెత్తు చుట్టలున్న అలంకార దారాన్ని నేనైతే ముట్టుకోను.

చిలపలు రాసిన సమాధానం:

జంటసూదులు గారు విప్పే వరకు చెప్పారు కనుక నేను విప్పిన తరువాతి పని గురించి రాస్తాను.

వంకీలు తిరిగిన దారాన్ని అలాగే అల్లవచ్చా అంటే, అల్లడానికి అభ్యంతరమేమీ లేదు, ఫలితమే బాగుండదు. వంకీల వల్ల కుట్లు చిన్నా పెద్దా అవుతాయి, గేజ్ కోసం, అంటే కొలతకు ఎన్ని కుట్లు పడతాయో చూడడానికి, అల్లిన నమూనా ముక్క అబద్ధం చెబుతుంది, పూర్తయిన వస్త్రాన్ని మొదటిసారి ఉతకగానే వంకీలు వదులై కొలతలు మారిపోతాయి. ఒకటి రెండు రోజుల కిందట అల్లిన భాగాన్ని విప్పి వెంటనే అల్లుకోవడం వేరు, ఏళ్ళ తరబడి తొడిగి ఉతికిన స్వెటర్‌ను విప్పడం వేరు. రెండో సందర్భంలో తడపడం తప్పనిసరి.

విప్పుతున్న దారాన్ని ఉండగా చుట్టకండి. వంకీలున్న దారాన్ని బిగించి చుడితే అది సాగిపోయి అలాగే నిలిచిపోతుంది. కుర్చీ వీపు చుట్టూ గాని, ఇద్దరు ఉంటే ఒకరి రెండు చేతుల చుట్టూ గాని వదులుగా తిప్పుతూ చిలపగా, అంటే పెద్ద వలయంలాంటి చుట్టగా, చుట్టండి. తెగిన చోట తాత్కాలికంగా వదులు ముడి వేసి, కొసలను నాలుగు అంగుళాల పొడవున వదిలేస్తే అల్లేటప్పుడు ఆ ముడి కనిపించి అప్రమత్తం చేస్తుంది. చిలప పూర్తయ్యాక దాన్ని తీయకముందే నాలుగు చోట్ల వేరే రంగు నూలు దారంతో కట్టండి. ఆ కట్టు చిలప చుట్టూ ఒకే చుట్టుగా కాక, చిలపను రెండు పాయలుగా చీల్చి వాటి మధ్యనుంచి తెలుగు అంకె ౪ మెలికలా దాటేలా ఉండాలి. కట్టు రంగు దిగదని నమ్మకం ఉన్న తెల్లని నూలు అయితే మరీ మంచిది. ఈ కట్లు లేకుండా చిలపను నీళ్ళలో వేసినవారు చిక్కు తీయడానికి పట్టే సమయంలో ఇంకో స్వెటర్ అల్లుకోవచ్చు.

గోరువెచ్చని నీటిలో కొద్దిగా మృదువైన సబ్బు కలిపి, చిలపను అందులో ముంచి అరగంట వదిలేయండి. కలియబెట్టడం, పిండడం, వేడినీటి నుంచి చన్నీటికి మార్చడం వద్దు. మీ కుంచించుకుపోయిన స్వెటర్ గట్టిపడడానికి కారణమైన పరిస్థితులే ఇవి. తరువాత అదే వేడిలో ఉన్న నీటితో జాడించి, తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో వేలాడదీయండి. చిలప కింద బరువు కట్టాలని చాలామంది చెబుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఊలు తడిసినప్పుడు బలం తగ్గుతుంది, బరువుకు సాగుతుంది, ఆరాక సాగిన స్థితిలోనే నిలిచి, అల్లి ఉతికిన తరువాత మళ్ళీ తన పొడవుకు కుంచించుకుంటుంది. ఇంత చేసినా కొద్దిపాటి అల మిగిలితే కంగారు పడవద్దు. నీరు ఊలులోని కొన్ని బంధాలను వదులు చేసి వంకీని పోగొడుతుంది గాని, కర్మాగారంలో గట్టిగా ఆవిరి పట్టిన ఊలులో లోతుగా స్థిరపడిన ఆకారాన్ని గోరువెచ్చని నీరు పూర్తిగా చెరపలేదు. ఆ అల మొదటి ఉతుకుకు అల్లికలో సర్దుకుంటుంది.

యాక్రిలిక్ సంగతి వేరు. అది నీటిని దాదాపు పీల్చుకోదు, దాని వంకీ వేడికే లొంగుతుంది. చిలపను తడిపి ఆరబెట్టినా తేడా కనిపించకపోతే, దూరం నుంచి తేలికగా ఆవిరి పట్టండి. ఇస్త్రీ పెట్టెను తాకించకూడదు. వేడి ఎక్కువైతే యాక్రిలిక్ చచ్చుబడి, స్ప్రింగు గుణం పోయి, జారుడుగా వేలాడుతుంది. ఆ మార్పుకు తిరుగులేదు. నూలు దారం మీ చేతికి తగిలితే దాన్ని కాస్త ధైర్యంగా ఉతకవచ్చు, తడిసినప్పుడు దాని బలం పెరుగుతుంది తప్ప తరగదు.

మరొక మాట. పెట్టెలో చాలాకాలం మూలపడి ఉన్న ఊలు స్వెటర్లయితే విప్పడానికి ముందే చిమ్మట సంగతి చూసుకోండి. దాని పిల్లపురుగులు ఊలులోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను తింటాయి. స్వెటర్‌ను గాలి చొరని సంచిలో కట్టి, −18 డిగ్రీల సెల్సియస్ చలి ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు చనిపోతాయి. పురుగు కొట్టిన స్వెటర్‌లో బయటికి ఒకే చిల్లు కనిపించినా, దారం సగం కొరికి వదిలేసిన చోట్లు ఎన్నో ఉంటాయి. విప్పుతున్నప్పుడు ప్రతి రెండు మూడు మీటర్లకూ తెగుతూ ఉంటే ఆ స్వెటర్‌ను వదిలేయడమే వివేకం.

నిదానం రాసిన సమాధానం:

పై ఇద్దరూ పని ఎలా చేయాలో చక్కగా చెప్పారు. మీ చివరి ప్రశ్నకు నా సమాధానం కొంత చేదుగా ఉండవచ్చు.

మోచేతి చిల్లు ఉన్న స్వెటర్‌ను విప్పడం కంటే ఆ చిల్లును పూడ్చడం పర్యావరణానికి ఎక్కువ మేలు. పిల్లలకు పొట్టివైన స్వెటర్ చిల్లు లేకుండా ఉంటే దాన్ని మరో పిల్లకు ఇవ్వడం అంతకన్నా మేలు. ఒక వస్త్రాన్ని విప్పిన క్షణంలో దాని అల్లిక మీద అంతకుముందు ఖర్చయిన శ్రమ మొత్తం పోతుంది. దారం మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఎవరూ తొడగలేనిదాన్ని, బాగుచేసినా తొడగనిదాన్ని మాత్రమే విప్పాలని నా అభిప్రాయం. విప్పిన దారంతో అల్లినదాన్ని ఎవరైనా నిజంగా వాడితేనే కొత్త ఊలు కొనడం తగ్గుతుంది. విప్పిన చిలపలు అరలో నిండిపోతూ, పక్కనే కొత్త ఊలు కొంటూ ఉంటే అది పొదుపు కాదు, ఇంకొక సేకరణ.

అయితే విప్పడాన్ని నేను తక్కువ చేయడం లేదు. దానికి ఉన్న ఒక విలువను చాలామంది గుర్తించరు. పాత ఊలు బట్టలను యంత్రంతో చీల్చి మళ్ళీ వడికే పద్ధతి కొత్తది కాదు. ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో ఉన్న బాట్లీలో బెంజమిన్ లా అనే వస్త్ర తయారీదారు 1813లో ఈ పద్ధతిని రూపొందించాడని చెబుతారు; దానికి షాడీ అన్న పేరు స్థిరపడింది. నేడు పానిపట్ ఆ పరిశ్రమకు పెద్ద కేంద్రం. కాని ఆ పద్ధతిలో బట్టను ముళ్ళ రోలర్ల మీద చీల్చేటప్పుడు పోగులు తెగి పొట్టివైపోతాయి. పొట్టి పోగుతో వడికిన దారం బలహీనంగా ఉంటుంది, త్వరగా నూగు ఉండలు కడుతుంది, అందుకే దానిలో కొత్త పోగునో సింథటిక్ పోగునో కలపవలసి వస్తుంది. చేత్తో విప్పినప్పుడు ఈ నష్టం ఉండదు. పోగు పొడవూ చెడదు, దారానికి ఇచ్చిన పురీ చెడదు. మళ్ళీ వడకడం, మళ్ళీ రంగు అద్దడం అవసరం లేదు. విప్పడంలోని అసలు లాభం నా దృష్టిలో ఇదే.

యాక్రిలిక్ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 6 కిలోల యాక్రిలిక్ బట్టలను ఒకసారి యంత్రంలో ఉతికితే 7,00,000కు పైగా సూక్ష్మ పోగులు నీటిలోకి వదులుకావచ్చు. విప్పి మళ్ళీ అల్లినంత మాత్రాన ఆ గుణం మారదు. అందుకని యాక్రిలిక్‌ను పారేయమని నేను చెప్పను. పారేస్తే అది మట్టిలో కలవదు. తరచుగా ఉతకవలసిన అవసరం లేని వస్తువులకు, అంటే దిండు గలీబు లోపలి నింపుడుకు, గోడకు వేలాడే అలంకారాలకు, కుర్చీ మీద పరిచే దుప్పటికి దాన్ని మళ్ళించండి.

దారపుకొస:

ముగ్గురికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్లు కుట్లు చూసి స్వెటర్లను వేరు చేశాను. చిల్లులు చిన్నవిగా ఉన్నవాటిని పూడ్చడానికి పక్కన పెట్టాను. నిదానం గారి మాట నాకు చేదుగా అనిపించలేదు. చేత్తో అల్లిన రెండింటిలో ఒకటి చంకల దగ్గర పూర్తిగా అరిగిపోయింది కనుక విప్పడానికి నిర్ణయించుకున్నాను. కర్మాగారపు స్వెటర్లలో ఆకారానికి అల్లినది ఒకటే తేలింది. కాల్చి చూస్తే అది ఊలే. దాని దారం మాత్రం చాలా సన్నగా ఉంది, నా దగ్గర ఉన్న సూదులకు అది బొత్తిగా సరిపోదు. దీన్ని ఎలా వాడాలి? చేతి అల్లిక దారం ఎంత పొడవు వస్తుందో విప్పకముందే తెలుసుకోవడం సాధ్యమేనా? ఈ రెండూ కలిపి ఒకే వస్త్రంలో వాడవచ్చా?

జంటసూదులు:

పొడవు అంచనా తేలికే. మొత్తం విప్పకముందు ఒక భాగంలో 20 మీటర్లు విప్పి, తడిపి ఆరబెట్టి, సన్నని తూకం చూపే త్రాసులో తూచండి. అది 8 గ్రాములు తూగిందనుకుందాం; అప్పుడు 100 గ్రాములకు 250 మీటర్లు ఉంటుంది. బొత్తాలు, జిప్పు, లేబుల్ తీసేసిన స్వెటర్ బరువు 350 గ్రాములైతే లెక్కకు 875 మీటర్లు వస్తుంది. అయితే అరిగిన చంకలు, ముంజేతి పట్టీలు, ముక్కలైన మెడ భాగం పోగా చేతికి వచ్చేది అంతకంటే తక్కువే. అందువల్ల ఆ లెక్కలో కొంత కోత వేసుకుని నమూనా ఎంచుకోండి. 100 గ్రాములకు 200 నుంచి 250 మీటర్ల దాకా వచ్చే దారం మామూలుగా డీకే అనే మధ్యస్థ దళసరికి చెందుతుంది కనుక, ఆ దళసరికి రాసిన ఏ నమూనా అయినా మీకు దగ్గరగా సరిపోతుంది. అల్లికకు ముందు నమూనా ముక్క అల్లి, ఉతికి, అప్పుడే గేజ్ కొలవండి.

తడిపి తూచమన్నది ఊరికే కాదు. వంకీలున్న దారాన్ని అలాగే కొలిస్తే 20 మీటర్లనుకున్నది నిజానికి ఇంకా పొడవైన దారం అవుతుంది, లెక్క తప్పుతుంది.

సన్నని దారం గురించి. కర్మాగారాల్లో యంత్రం గేజ్‌ను అంగుళానికి ఎన్ని సూదులన్న లెక్కలో చెబుతారు. 12 గేజ్ యంత్రం మీద అల్లిన పలుచని స్వెటర్ దారాన్ని చేతి సూదులతో ఒంటి పేటగా అల్లడం కష్టం, అల్లినా సాలెగూడులా ఉంటుంది. ఆ రకం స్వెటర్లకు వాడే దారంలో 2/28 అన్నది తరచుగా కనిపించే కొలత. గ్రాముకు 28 మీటర్లు ఉండే పోగులు రెండు కలిపి పురి పెట్టారని దాని అర్థం. అంటే 100 గ్రాములకు 1,400 మీటర్లు. అటువంటి దారాన్ని నాలుగు పేటలు కలిపి పట్టుకుంటే 100 గ్రాములకు 350 మీటర్లవుతుంది, డీకే కంటే సన్ననిదైన 4 ప్లై దళసరికి సరిపోతుంది. మీ దారాన్నీ పైన చెప్పినట్లు తూచి, ఇదే భాగహారం చేసి చూడండి.

పేటలను ఊరికే పక్కపక్కన పట్టుకుని అల్లినప్పుడు సూది మొన ఏదో ఒక పేటను వదిలేస్తుంది, కుట్టు పాయలుగా చీలుతుంది. అల్లేటప్పుడు ప్రతి కుట్టునూ చూసుకునే ఓపిక ఉంటే అది పెద్ద లోపం కాదు. లేకపోతే తకిలీ మీద పేటలకు పురి ఎక్కించండి. ఇక్కడ దిక్కు ముఖ్యం: దారం ఇప్పటికే ఏ వైపుకు పురి తిరిగి ఉందో గమనించి, కలిపేటప్పుడు దానికి ఎదురు దిశలో తిప్పాలి. అదే దిశలో తిప్పితే పురి మీద పురి ఎక్కి దారం తాడులా బిగుసుకుని మెలికలు పడుతుంది. ఎదురు దిశలో తిప్పితే పేటలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి. తకిలీ లేకపోయినా, వడికే అనుభవం లేకపోయినా ఈ పని చేయవచ్చు. పోగు తీయనవసరం లేదు, పురి పెట్టడమే.

రెండు దారాలనూ ఒకే వస్త్రంలో వాడవచ్చు, రెండూ ఊలే అయితేనే. ఊలును యాక్రిలిక్‌తో గాని నూలుతో గాని కలిపితే, ఒకటి ఉతుకుకు కుంచించుకుని మరొకటి అలాగే నిలిచి వస్త్రం ముడతలు పడుతుంది. సన్నని పేటను చేతి అల్లిక దారంతో జతగా పట్టుకుని అల్లితే రంగు కలగలుపుగా కనిపిస్తుంది, చేతి అల్లిక దారంలో అక్కడక్కడ అరిగి పలచబడిన చోట్లకు బలం కూడా చేకూరుతుంది. అరుగుదల వల్ల ఒకే స్వెటర్‌లోని చేతుల దారం, వీపు దారం వేర్వేరు రంగు ఛాయల్లో ఉండడం సహజం. వాటిని రెండు వరసలకొకసారి మార్చుతూ అల్లితే తేడా ఒక గీతగా కనిపించకుండా పలచబడిపోతుంది. ఎగుడుదిగుడు దాచడానికి మొత్తం ప్లెయిన్ వరసల అల్లిక మంచి స్నేహితురాలు; ఒక వైపు ప్లెయిన్, ఒక వైపు పర్ల్‌గా వచ్చే నునుపు అల్లిక ప్రతి లోపాన్నీ చాటి చెబుతుంది.

రంగు అద్దాలనుకుంటే ఒక్క మాట: అద్దకం ఉన్న రంగుకు చేర్చుతుంది తప్ప దాన్ని తీసివేయదు. ముదురు నీలాన్ని పసుపు చేయలేరు. లేత రంగులున్న రెండు ఊలు దారాలను ఒకే ముదురు రంగు కుండలో ముంచితే మాత్రం అవి ఒకే కుటుంబానికి చెందినట్లు కుదురుతాయి. ఊలుకు ఆసిడ్ రంగులు పట్టుతాయి, వినెగర్ గాని సిట్రిక్ ఆసిడ్ గాని తోడు కావాలి. నూలుకు వేరే రకం రంగులు కావాలి. యాక్రిలిక్‌కు ఇంట్లో అద్దడం గురించి ఆలోచించకండి.

చిలపలు:

అతుకుల గురించి ఎవరూ రాయలేదు కనుక చేరుస్తున్నాను. విప్పిన దారంలో కొసలు ఎక్కువ. ముడులు వేస్తూ పోతే వస్త్రం లోపలివైపు గుచ్చుకుంటుంది, ముడి ఊడితే చిల్లు పడుతుంది.

ఊలు దారానికి అన్నిటికంటే తేలికైన పద్ధతి తడి అతుకు. రెండు కొసలను రెండు అంగుళాల మేర పురి విప్పి, ఒక్కొక్క దానిలో సగం పేటలు తెంపి, రెండింటినీ ఎదురెదురుగా పరిచి, తడి చేసి అరచేతుల మధ్య వేడి పుట్టేదాకా వేగంగా రుద్దాలి. మీ స్వెటర్‌ను పాడుచేసిన ఆ పొలుసుల గుణమే ఇక్కడ మనకు పని చేసిపెడుతుంది. కాని కర్మాగారపు ఊలు స్వెటర్ లేబుల్ మీద యంత్రంలో ఉతకవచ్చని ఉంటే ఈ అతుకు నిలవకపోవచ్చు. అటువంటి ఊలుకు క్లోరిన్‌తో పొలుసులను మొద్దుబార్చి, పైన సన్నని పాలిమర్ పూత వేయడం సాధారణం. అది కుంచించుకోదు, కాబట్టి అతుక్కోదు. ముందు ఒక ముక్క మీద పరీక్షించి చూడండి.

అది అతుక్కోకపోతే, సూదితో వేసే అతుకు ఎటువంటి దారానికైనా పనికివస్తుంది. మొద్దు మొన సూదిలో మొదటి కొసను ఎక్కించి, దాన్ని రెండో దారాన్ని చుట్టి వెనక్కి మళ్ళించి, తన పేటల మధ్యనుంచే రెండు అంగుళాల దూరం నడిపించి బయటికి తీయాలి. రెండో కొసను కూడా అదే విధంగా చేస్తే రెండు మెలికలు కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండు వైపులా లాగి సరిచేసి, మిగిలిన కొసలను కత్తిరించండి. అతుకు ఉన్నచోట దారం కొంచెం లావవుతుంది కనుక, అది వస్త్రం మధ్యలో కాకుండా వరస చివరన పడేలా సర్దుకుంటే కనిపించదు. పలుచని దారాన్ని నాలుగు పేటలుగా వాడుతున్నప్పుడు నాలుగు పేటల అతుకులూ ఒకే చోట పడకుండా, ఒక్కొక్కటి జానెడు దూరంలో వచ్చేలా చూసుకోండి.